రిసార్టుకు బొట్టు పిలుపు

అబ్బాయిరాజుగారి నోటికి గడియ లేదు. తిట్టడానికి తెరుచుకునే నోరు కాదది, పిలవడానికి తెరుచుకునే నోరు. పెదపాడులో వారి ఇంటి ముందు నుంచి ఎవరు నడిచి వెళ్ళినా "రండి, భోంచేసి వెళుదురుగాని" అన్న మాట వారి కాళ్ళకు అడ్డం పడేది. చేపల లోడుకు వచ్చిన లారీ డ్రైవరును పిలిచేవారు. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన ఉద్యోగిని పిలిచేవారు. ఒకసారి దారి తప్పి తమ వాకిట్లో ఆగిన మగపెళ్ళివారిని, విడిది పక్కవీధిలోనే ఉన్నదని తెలిసి కూడా, కాఫీలు త్రాగించి గాని కదలనివ్వలేదు. అక్కడ పురోహితుడు ముహూర్తం మించిపోతున్నదని గుండెలు బాదుకుంటున్నాడు. ఇక్కడ వరుడు రెండో గ్లాసు ముగిస్తున్నాడు. అతిథిని ఆదరించడం ఆయనకు తండ్రి ఇచ్చిపోయిన మొదటి ఆస్తి. కొల్లేటి అంచున మండవల్లి దగ్గరి చేపల చెరువులు రెండవ ఆస్తి.

ఆయన పిలిచిన నోళ్ళన్నింటికీ వండి వడ్డించిన చేయి ఆయన ఇల్లాలు గంగాభవానిది. ఆ సేవలో ఆమె ఏనాడూ విసుగు చూపలేదు. వచ్చినవారు తృప్తిగా లేచి వెళుతుంటే దేవుడి ఎదుట హారతి వెలిగించినంత నిండుగా ఉండేది ఆమెకు. అయితే ఒక్క కోరిక మాత్రం ఆ వంటింటి పొగలోనే మిగిలిపోయింది. ముప్పయ్యేళ్ళ దాంపత్యంలో ఆమె భర్తతో తానొక్కతే ఏ ఊరికీ వెళ్ళి ఎరుగదు. పెళ్ళయిన కొత్తలో ద్వారకాతిరుమల దర్శనానికి బయలుదేరితే, కారు ఏలూరు దాటేసరికి దారిలో కనబడిన చుట్టాలందరూ అందులో ఉన్నారు. కొత్త పెళ్ళికూతురు ఎవరి బిడ్డనో ఒడిలో పెట్టుకొని కిటికీ అద్దానికి అతుక్కుపోయి కూర్చున్నది. తరువాత కాశీ చూసింది, రామేశ్వరం చూసింది. ఎక్కడ చూసినా భర్త బస్సు ముందుభాగంలో ఎవరికో మంచినీళ్ళు అందిస్తూ దూరంగానే కనిపించాడు.

పెళ్ళిరోజు దగ్గరపడుతున్న ఒక ప్రాతఃకాలాన, దేవుడి గూట్లో దీపం పెట్టి, అక్షతలు భర్త తలమీద వేసి, ఆమె ధైర్యం చేసింది.

"ఏవండీ, ఈసారి నాకు చీరలొద్దు, నగలొద్దు. మనిద్దరం ఎక్కడికైనా వెళ్ళొద్దామండి. రిసార్టులని ఉంటాయట కదా."

"ఓ, వెళదాం! బ్రహ్మాండంగా వెళదాం. మా చెల్లాయి గీతాంజలిని కూడా..."

"మనిద్దరమేనండి."

"ఇద్దరమే అంటే?"

"మీరూ, నేనూ."

"ఇంకా?"

"ఇంకెవరూ వద్దనే కదండీ మొత్తుకుంటున్నాను!"

అనేసి, అంతలోనే తన మాటకు తానే సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అబ్బాయిరాజుగారు పద్దెనిమిదేళ్ళవాడిలా వెలిగిపోయారు. దీపం సాక్షిగా "ఇద్దరమే" అని మాట ఇచ్చారు. ఆ మధ్యాహ్నమే ఏలూరు వెళ్ళి నల్ల కళ్ళద్దాలూ, చిలకలు అచ్చువేసిన ఒక చొక్కా కొనుక్కొచ్చారు. ఆ చొక్కా తొడుక్కొని అద్దం ముందు నిలబడిన భర్తను చూసి భవాని ఎంతగా నవ్విందంటే, పొయ్యిమీద పాలు పొంగి గట్టంతా పాకినా ఆమెకు తెలియలేదు.

మర్నాడు ఇద్దరూ తాడేపల్లిగూడెం వెళ్ళారు. అక్కడ స్టేషనుకు దగ్గరలో జోసెఫ్‌గారి ట్రావెల్స్ ఆఫీసు ఉన్నది. జోసెఫ్‌గారు మెత్తని మనిషి. కంప్యూటర్ తెర దంపతుల వైపు త్రిప్పి, పరీక్షాఫలితాలు చదివినంత శ్రద్ధగా మొదలుపెట్టారు.

"మూడు కపుల్ ప్యాకేజీలు తీసి ఉంచానండి. మొదటిది వైజాగ్ దగ్గర, సముద్రం ఒడ్డున. నీలతరంగం అని. ప్రైవేట్ పూల్ అండి. గది తలుపు తీస్తే నేరుగా నీళ్ళలోకే."

అబ్బాయిరాజుగారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, బొమ్మలోకి వంగి చూశారు. చెరువుల మనిషి గనుక ముందు నీటి రంగు చూశారు.

"మరీ ఇంత నీలంగా ఉన్నాయేంటండీ నీళ్ళు? ఏరేటర్ ఎక్కడ పెట్టారు?"

"అది చేపలకి కాదండి. మనుషులకి."

"మనుషులకి మాత్రం ఆక్సిజన్ వద్దాండీ?"

జోసెఫ్‌గారు దగ్గు వచ్చినట్లు నటించి రెండవ బొమ్మ తెరిచారు. "ఇది కోనసీమలో కలువకొలను అండి. గోదారి పాయ మీద హౌస్‌బోటు. మూడు పూటలా భోజనం ప్యాకేజీలోనే. మొదటిదాంట్లో పొద్దున టిఫిను ఒక్కటే ఇస్తారు. దీంట్లో ఇంకో సదుపాయం, కపుల్ స్పా ఉందండి."

"అంటే?"

"నూనె రాసి ఒళ్ళు పడతారండి. మీ ఇద్దరికీ ఒకే గదిలో, పక్కపక్కన."

భవాని చెవులు ఎరుపెక్కాయి. ఆయన మాత్రం గంభీరంగా, "మరి ఆ టైములో మాట్లాడుకోవచ్చాండీ?" అని అడిగారు.

"మాట్లాడకుండా కళ్ళు మూసుకుని పడుకోవాలంటారండి."

"అయితే మా వల్ల కాదండి."

"మా వల్ల అనకండి, మీ వల్ల అనండి," అన్నది భవాని, నవ్వు ఆపుకోలేక.

మూడవది అరకు కొండల మీద మేఘమాల. కాటేజీకీ కాటేజీకీ నడుమ కాఫీతోట. ఉదయం మంచులో కాఫీ, సాయంత్రం ఆరుబయట నెగడు, పడకమీద పూలు, ఆ పూల నడుమ తెల్లని తువ్వాళ్ళతో మలిచిన హంసల జంట.

"తువ్వాళ్ళతోనా?" భవాని ముందుకు వంగింది. "మరి తుడుచుకోవాలంటే పాపం వాటిని విప్పేయాలా?"

"వేరే తువ్వాళ్ళు కూడా ఇస్తారులెండి, మేడమ్."

మరొక బొమ్మ వచ్చింది. కాటేజీ వసారా. ముందంతా లోయ, లోయ నిండా మబ్బు. వసారాలో రెండే రెండు పేము కుర్చీలు. భవాని ఆ కుర్చీల వైపే చూస్తూ ఉండిపోయింది. తన ఇంట్లో కుర్చీలకు కొరత లేదు. అరుగుమీద బారులు తీరి ఉంటాయి, అటకమీద మడతవి మరి కొన్ని. అవి చాలక తరచు పక్కింటి నుంచి తెప్పించవలసి వచ్చేది. రెండు కుర్చీలు మాత్రమే ఉన్న చోటును ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఇదేనండి," అన్నది. "పుట్టిల్లు మండవల్లి, మెట్టినిల్లు పెదపాడు. కిటికీ తీస్తే కొల్లేరు, తలుపు తీస్తే చెరువు. సముద్రమూ వద్దు, పడవా వద్దు. నన్ను కొండెక్కించండి."

ఖాయమైపోయింది. జోసెఫ్‌గారు చేతులు జోడించి వాకిలి దాకా సాగనంపారు. మెట్టు దిగుతూ అబ్బాయిరాజుగారు వెనుదిరిగారు. సాగనంపుతున్న మనిషి ముఖాన్ని చూశారు. ఆ నోరు తన ప్రమేయం లేకుండానే తెరుచుకున్నది.

"మీరూ రండి జోసెఫ్‌గారూ, మరియమ్మగార్ని కూడా తీసుకుని. మీరు లేకపోతే మాకేం తోస్తుందండీ!"

"అంతకంటేనాండీ! తప్పకుండానండి," అన్నారు జోసెఫ్‌గారు, గుండెమీద చేయి వేసుకొని.

భవానికి మెట్టు తప్పింది.

"మర్యాదకి అన్నాను భవానీ," అని కారులో ఆయన ప్రాధేయపడ్డారు. "ఆయన మాత్రం వస్తాడా ఏంటి? ఇదే ఆఖరు. ఇంక ఎవర్నీ పిలిస్తే ఒట్టు."

ఆ ఒట్టు మండవల్లి దాకానే నిలిచింది. చెరువుల్లో ఆయనకు భాగస్వామి గోపీనాథ్. వరుసకు బావమరిది. తాము లేని నాలుగు రోజులూ మేత సంగతి చూసుకోమని చెప్పడానికి అతని దగ్గరకు వెళ్ళి, చెప్పవలసినదంతా చక్కగా చెప్పి, చివర "మీరూ రండి బావగారూ, చెల్లెమ్మతో సహా" అనేశారు. చెరువులు కాయవలసిన మనిషినే కొండలకు పిలిచివచ్చారు! గోపీనాథ్ "అలాగేనండి బావగారూ, మీరు పిలవడమూ, మేం రాకపోవడమూనా" అన్నాడు. ఏలూరులో ఉన్న చెల్లెలు గీతాంజలి మరేదో పనిమీద ఫోన్ చేస్తే ఆమెనూ పిలిచారు. ఆమె అయితే కేరింత కొట్టింది.

నాలుగవ నాడు జోసెఫ్‌గారు భవానికి ఫోన్ చేశారు.

"మేడమ్, సార్ అందర్నీ పిలిచారని గోపీనాథ్‌గారు చెప్పారండి. కాటేజీ సరిపోదు కదాని గ్రూప్ ప్యాకేజీ చూశాను. మినీబస్సు, పెద్ద హాలు, వరసగా మంచాలు. ఏ సంగతో రేపు సాయంత్రంలోగా చెప్పాలండి. కాటేజీని ఇంకెవరో అడుగుతున్నారట."

"హాల్లో కుర్చీలున్నాయాండీ?" అన్నది భవాని నీరసంగా.

"బోలెడండి. ప్లాస్టిక్‌వి."

ఆ మధ్యాహ్నం ఆమె భర్తకు అన్నం వడ్డించింది. పప్పు వేసింది, నెయ్యి వేసింది. కాని "ఇంకొంచెం వేయనాండీ?" అని అడగలేదు. ఆ ఇంట్లో అంతకు మించిన శిక్ష లేదు. అబ్బాయిరాజుగారు ఖాళీ విస్తరిలో వేలితో గీతలు గీస్తూ చాలాసేపు కూర్చున్నారు.

"నేనేదో మర్యాదకి అన్నాను. వాళ్ళు వస్తామంటారని నాకేం తెలుసు భవానీ?"

"మీరు మర్యాదకి పిలిచారు," అంటూ మజ్జిగ గిన్నె పట్టుకున్న భవాని చటుక్కున ఆగింది. "వాళ్ళు మాత్రం... మర్యాదకే వస్తామన్నారేమోనండీ?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నిజమే. ఆ ప్రాంతంలో ఆదరంగా పిలిచినవారితో "రామండీ" అని ముఖాన చెప్పే కటువైన నాలుక ఎవరికున్నది? అయితే ఆ సంగతి తేల్చుకోవడం ఎలా? "మీరు నిజంగా వస్తారా?" అని అడగడం పిలవకపోవడం కన్నా పెద్ద అవమానం.

భవాని లేచి దేవుడి గూటి దగ్గరకు వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో వెండి కుంకుమభరిణె ఉన్నది.

"కారు తీయండి. బొట్టు పెట్టి పిలిచొద్దాం."

"రిసార్టుకా?"

"రిసార్టుకే."

పిలుపులు రెండు విధాలు. నోటి పిలుపుకు నోటితో బదులు చెబితే చాలు, ఆ మాట గాలిలో కలిసిపోయినా దోషం లేదు. బొట్టు పిలుపు అటువంటిది కాదు. ఇల్లాలు గడప తొక్కి, నుదుట కుంకుమ దిద్ది పిలిచిందంటే అది శుభకార్యపు పిలుపు. దిద్దించుకున్న నుదురు రాక తప్పదు. దిద్దిన వేలు వెనుదీయడానికీ వీలులేదు. ఆ రెండవ సంగతి భవానికి తెలియక కాదు. తెలిసే బయలుదేరింది.

మండవల్లిలో గోపీనాథ్ భార్య రమ్యశ్రీ వాకిట్లోనే ఎదురైంది.

"రండి వదినగారూ! ఏంటి, శుభవార్తా?"

"అవునమ్మా. అరకు రిసార్టుకి బొట్టు పెట్టి పిలుద్దామని."

రమ్యశ్రీ చూపు భరిణెమీద పడింది. రెండడుగులు వెనక్కి వేసి, నుదురు అరచేతితో కప్పుకున్నది.

"ఆగండాగండి! మీ దగ్గర దాపరికం ఎందుకు వదినగారూ. మీ తమ్ముడికి కొండలు పడవండి. ఘాట్‌రోడ్డు టీవీలో చూపించినా వాంతులే! అన్నయ్యగారు అంత ఆపేక్షగా పిలిస్తే రామని ఎలా అంటారండి? అప్పట్నుంచీ వాంతుల బిళ్ళలు కొనుక్కొచ్చి దేవుడి దగ్గర పెట్టుకుని కూర్చున్నారు."

"చెప్పేశావా? హమ్మయ్య!" అని లోపలి నుంచి గోపీనాథ్ గొంతు వినిపించింది. "బావగారూ, తిడితే తిట్టండిగానీ నన్ను చెరువుల దగ్గరే ఉండనివ్వండి!"

అబ్బాయిరాజుగారు తిట్టలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కారు మలుపు తిరిగేదాకా భవాని బిగబట్టుకున్న నవ్వు ఆ తరువాత కట్ట తెగింది. గట్టుమీద కొంగలు బెదిరి లేచిపోయాయి.

తాడేపల్లిగూడెంలో జోసెఫ్‌గారింట, బొట్టు వారి ఆచారం కాదు గనుక, తమలపాకులూ అరటిపండ్లూ పళ్ళెంలో పెట్టి మరియమ్మగారికి అందించబోయింది. మరియమ్మగారు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నారు.

"అమ్మా, అది పుచ్చుకున్నానంటే రావాలి. ఆదివారం చర్చిలో నాదే పాట. ఈయనేమో తప్పకుండానండి అని మీకు చెప్పేసి, ఆ వేళ నుంచీ నా మొహం చూడ్డం మానేశారు!"

మొహం చూడడం మానేసిన జోసెఫ్‌గారు ఇప్పుడు తలెత్తి, ఎంతో ఆశగా, "అయితే కాటేజీ ఖాయం చేసేయమంటారాండీ?" అన్నారు.

"ఇంకొక్క ఇల్లుందండి," అన్నది భవాని.

ఏలూరులో గీతాంజలి తలుపు తీసింది. భరిణె చూసింది. వెనక్కి తగ్గలేదు, చేయి అడ్డం పెట్టలేదు. ముంగురులు పైకి తోసుకొని, నుదురు ముందుకు వంచింది.

"పెట్టు వదినా. కాస్త పెద్దగా పెట్టు, అరకులో అందరికీ కనబడాలి."

భవాని ఇది అనుకోలేదు. అయినా పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది? ఇంటి ఆడపడుచు.

"బట్టలు కూడా సర్దేశాను చూడు," అంటూ గీతాంజలి మంచంమీది పెద్ద మూట చూపించింది. "మావారు ఊళ్ళో లేరు. నేనొక్కదాన్నేగా, హాలూ వద్దు, మినీబస్సూ వద్దు. మీ కాటేజీలోనే సర్దుకుంటాను. రాత్రిళ్ళు నాకు భయం వదినా, మీ ఇద్దరి మధ్యా పడుకుంటాలే."

భవాని నవ్వబోయింది, పెదవులు కదలలేదు. తన వేలితో తానే దిద్దిన కుంకుమ ఎదురుగా మెరుస్తున్నది. ఆ వసారా కళ్ళముందు మెదిలింది. రెండు పేము కుర్చీల నడుమ మూడవ కుర్చీ వచ్చి పడింది, ప్లాస్టిక్‌ది. తలవంచుకొని భరిణె మూత పెట్టబోయింది.

అబ్బాయిరాజుగారు ఆ వంగిన తలను చూశారు. గొంతు సవరించుకున్నారు.

"గీతమ్మా, నువ్వు... కాఫీ తాగావా?"

"తాగాను అన్నయ్యా."

"అది కాదమ్మా. నువ్వు..." కండువాతో మెడ తుడుచుకున్నారు. చెరువు గట్టు తెగిన నాడు కూడా ఆయనకు అంత చెమట పట్టలేదు. "నువ్వు రావద్దమ్మా."

ఆ మాట అన్నది తానేనా అన్నట్లు ఆయన ఒకసారి చుట్టూ చూసి, ఇక ఆగలేదు.

"కోపం వస్తే రానీ. ఈసారికి మేమిద్దరమే వెళతాం. ఊళ్ళో ఉన్నవాళ్ళని పిలిచాను, దారినపోయేవాళ్ళని పిలిచాను. వాళ్ళందరికీ మీ వదిన ముప్పయ్యేళ్ళు వండింది. పిలిచినవాళ్ళని లెక్కపెట్టలేనుగానీ, ఆవిడని మాత్రం నేను దేనికీ పిలవలేదమ్మా. ఇంట్లోనే ఉందిగా, వస్తుందిలే అనుకున్నాను."

అని, భార్య చేతిలోని భరిణె అందుకొని, మూత తీసి, ఉంగరపు వేలితో కుంకుమ తీసి ఆమె నుదుట పెట్టారు. అలవాటు లేని వేలు కావడంతో కొంత కనుబొమమీద, కొంత ముక్కుమీద రాలింది.

"భవానీ, అరకు వెళుతున్నాం. తమరు తప్పకుండా దయచేయాలి."

"అలాగేనండి," అన్నది భవాని. "మర్యాదకి కాదండి, నిజంగానే వస్తాను."

వెనుక ఏదో కూలబడిన చప్పుడైంది. గీతాంజలి నేలమీద కూర్చొని పొట్ట పట్టుకొని నవ్వుతున్నది.

"రావద్దు అన్నాడు! మా అన్నయ్య రావద్దు అన్నాడు! ఈ ఒక్క మాట వింటానో లేదోనని నుదురు వంచాను వదినా. అనకపోతే నిజంగానే వచ్చి మధ్యలో పడుకునేదాన్ని!"

"మరి సర్దిన బట్టలు?" అన్నది భవాని, ముక్కుమీది కుంకుమ తుడుచుకోవడం కూడా మరచి.

"ఇస్త్రీకి వేయాల్సినవి. నీ బొట్టు మాత్రం వృథా పోనివ్వను. తిరిగొచ్చిన రోజు మీ ఇంటికి భోజనానికి వస్తాను. వంట మా అన్నయ్యే చేయాలి."

భగవంతుని దయవలన ఘాట్‌రోడ్డు ఎవరికీ వాంతులు లేకుండా గడిచింది. మేఘమాలలో పూలపడక మీది హంసలను విప్పడానికి అబ్బాయిరాజుగారికి మనసొప్పలేదు. వేరే తువ్వాళ్ళు ఇచ్చారన్న సంగతి మరచి, ఆ రాత్రంతా కండువాతోనే కాలక్షేపం చేశారు. తెల్లవారి మంచు వసారా మెట్టు దాకా వచ్చి నిలిచింది. చిలకల చొక్కా మీద శాలువా కప్పుకొని ఆయన ఒక కుర్చీలో, ఆమె రెండవ కుర్చీలో, చేతుల్లో వేడి కాఫీ.

మంచులోంచి పక్క కాటేజీలోని కొత్త జంట నడిచి వచ్చారు. అబ్బాయి చేయి ఊపాడు.

"గుడ్ మార్నింగ్ అండీ! కాఫీ అయిందాండీ?"

అబ్బాయిరాజుగారి ముఖం విప్పారింది. కుర్చీలోంచి సగం లేచారు. నోరు తెరుచుకున్నది. భవాని కప్పు పెదవుల దగ్గర ఆపి, ఓరగా చూసింది.

ఆయన ఎంతో కష్టంమీద తిరిగి కూర్చున్నారు.

"అవుతోందండి," అన్నారు, చెప్పరానంత మర్యాదగా. "ఇక్కడ కుర్చీలు రెండే ఉన్నాయండి."